లాగ్ యాప్ గారికి, ఉభయకుశలోపరి

మ.రా.రా.శ్రీ నా ఫోనులోని లాగ్ యాప్ గారికి బెజవాడ కృష్ణలంక నుంచి ఒక హ్యామ్ రేడియోవాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ బ్యాటరీ 18 శాతం చూపిస్తోంది కాబట్టి అక్కడ మీ క్షేమం అంతంతమాత్రమే అనుకుంటున్నాను.

మీరు రాకముందు, రేడియోలో ఎవరెవరితో మాట్లాడానో రాసుకోవడానికి నాకు గట్టి అట్ట ఉన్న పొడుగు నోటుపుస్తకం ఉండేది. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, అవతలివాళ్ల కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు అక్షరాలు), రిపోర్టు... గళ్లు నేనే స్కేలు పెట్టి గీసేవాణ్ణి. మీరొచ్చాక గీసే పని తప్పింది. దాంతోపాటు వినే పని కూడా తప్పిందేమోనని నా అనుమానం. కాల్‌సైన్ కొడితే చాలు, ఆయన తన పేరు చెప్పకముందే పేరు, ఊరు, దేశం, గ్రిడ్ (భూగోళాన్ని గళ్లుగా గీస్తే ఆయన ఉన్న గడి) వచ్చి గళ్లలో కూర్చుంటాయి. మా ఊరి గ్రిడ్ ఎన్‌కే06 అట. పుట్టినప్పటినుంచీ నేను ఎన్‌కే06లో ఉంటున్నానని మీరు చెప్పేదాకా నాకు తెలీదు. ఇంటి అద్దె ఏమైనా పెరుగుతుందేమో కనుక్కోవాలి.

రిపోర్టు సంగతి వేరే చెప్పాలి. అందులో మొదటి అంకె మాట ఎంత అర్థమైందో 5కి, రెండోది సిగ్నల్ ఎంత బలంగా వచ్చిందో 9కి. 59 అంటే పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడినట్టు. ఆ 59ని మీరు నేను చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకోకముందే గడిలో వేసి ఉంచుతారు. మొన్న ఒకాయనకి "మీరు ఫైవ్ నైన్, ఫైవ్ నైన్" అని ధైర్యంగా చెప్పి, వెంటనే "మీ పేరు మళ్లీ ఒకసారి చెప్తారా" అని మూడుసార్లు అడిగాను. ఈ అబద్ధం మీతో మొదలైందని అనను. కాంటెస్టుల్లో, అంటే వీలైనంత ఎక్కువమందిని పలకరించే పోటీల్లో, అందరం పెళ్లిలో "వంటలు అద్భుతం" అన్నంత తేలిగ్గా 59 ఇచ్చేస్తాం. కాకపోతే అప్పట్లో మా అబద్ధం మేమే చేత్తో రాసుకునేవాళ్లం.

2017లో వచ్చిన మీ చుట్టం ఎఫ్‌టీ8 ఇంకా నయం. 15 సెకన్లకోసారి ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి కాల్‌సైన్, గ్రిడ్, రిపోర్టు పంపుతుంది, నేను టీ తాగుతూ చూస్తుంటాను. మాటా మంతీ ఉండదు. కానీ రిపోర్టు మాత్రం "మైనస్ 17", అంటే మీ సిగ్నల్ బలహీనం, అని మొహం మీదే చెప్పేస్తుంది.

ఇక మీ టైము. ఉగాది తెల్లవారుజామున నాలుగున్నరకి, పచ్చడి కలపకముందే, 40 మీటర్ల బ్యాండులో ఒక కాంటాక్టు దొరికింది. పండగ బోణీ కదా అని మురిసిపోయి మీలో చూస్తే, యూటీసీ (గ్రీనిచ్ టైము) లెక్కన రాత్రి 23 గంటలు, తేదీ నిన్నటిది. కొత్త సంవత్సరం బోణీని పాత సంవత్సరం ఖాతాలో వేశారు. మా అమ్మతో మొర పెట్టుకుంటే ఆవిడ, "సూర్యోదయం కాకుండా వారం ఎలా మారుతుందిరా, అది చెప్పిందే కరెక్టు" అంది. ఆలోచిస్తే నిజమే. మనకి ఉదయం ఐదున్నరకి మీ తేదీ మారుతుంది. బెజవాడలో వేసవి సూర్యోదయం కూడా ఇంచుమించు ఆ వేళకే. గ్రీనిచ్ వాళ్లూ మా పంచాంగమూ కూడబలుక్కుని నన్నొక్కణ్ణే తప్పువాణ్ణి చేశారు.

మీ భాష వల్ల ఇంట్లో జరిగిన నష్టం కూడా విన్నవించుకోవాలి. పక్కింటి మిక్సీ గోల క్యూఆర్‌ఎమ్, వేసవి ఉరుముల గోల క్యూఆర్‌ఎన్ అంటే మా ఆవిడ ఓపిగ్గా విన్నది. ఉత్తరాల్లో చి.ల.సౌ. రాసుకున్న జాతి మాది, పొడి అక్షరాలకి బెదరం. కానీ ఒకరోజు మీ వ్యాఖ్య గడిలో "ఎక్స్‌వైఎల్ కాఫీ తెచ్చింది" అని నేను రాసుకున్నది చూసి, అర్థం అడిగింది. ఎక్స్ యంగ్ లేడీ, అంటే పెళ్లయిన ఆడమనిషి అన్నాను. "ఒకప్పటి పడుచుపిల్లనా?" అంది. మగవాళ్లని మాత్రం 12 ఏళ్లకి లైసెన్సు తీసుకున్న కుర్రాడైనా సరే ఓఎం, ఓల్డ్ మ్యాన్ అంటామని చెప్పి సర్దబోయాను. ఆ వారం కాఫీ ఓల్డ్ మ్యానే పెట్టుకున్నాడు.

అది చల్లారకముందే మీ మెనూలో 73 కిందే 88 పెట్టారు. 73 అంటే నమస్కారాలు, 88 అంటే ముద్దులు. నా వేలు లావు. ఇటలీలో ఒక పెద్దమనిషికి, మాట్లాడినందుకు గుర్తుగా మీ ద్వారా వెళ్లిన ఈ-కార్డు మీద ఏం పడిందో మీకు తెలుసు. ఆయన జవాబులో 73 అని రెండుసార్లు రాశాడు, గట్టిగా.

ఇవన్నీ సర్దుకుపోతాను. ఎర్ర రంగు మాత్రం మింగుడుపడటం లేదు. కాకినాడ మిత్రుడితో పొద్దున్నే మాట్లాడటం నాకు అలవాటు. మోకాళ్ల నొప్పి, మనవరాలి పరీక్షలు, గాలికి ఒరిగిపోయిన యాంటెన్నా... ఆయన కాల్‌సైన్ కొట్టగానే మీరు ఎర్రగా "డూప్లికేట్" అంటారు. కొత్త దేశం కాదు, కొత్త గ్రిడ్ కాదు, అవార్డుకి పనికిరాడు. అంటే ఆయన నాకు ఒక్కసారే అయిపోయాడా?

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్లింది. ఏళ్ల తరబడి అక్కడి నుంచి హ్యామ్ సిగ్నలే లేదు కాబట్టి, వీయూ4తో మొదలయ్యే ఆ కాల్‌సైన్ లాగులో పడితే చాలని ప్రపంచమంతా ఎగబడింది. అచ్చం మీకు నచ్చే పని: కాల్‌సైన్, 59, తర్వాత ఎవరు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. ఆ హ్యామ్ రేడియోల మీదే ఆ తర్వాత వెళ్లినవి "ఫలానావాళ్లు క్షేమం" అన్న కబుర్లు. మీ గళ్లన్నీ వెతికాను, అలాంటి మాట రాసుకోవడానికి అడుగున ఆ వ్యాఖ్య గడి ఒక్కటే ఉంది. అదీ స్క్రోల్ చేస్తే గానీ కనపడదు.

కాబట్టి మనవి ఏమనగా, ఆ గడిని కొంచెం పైకి జరపండి. 88ని కొంచెం కిందకి జరపండి. కాకినాడ ఆయన్ని ఎర్రగా చూడకండి.

మీరు అడగలేదు కానీ మీకు నా రిపోర్టు కూడా ఇస్తున్నాను: 29. సిగ్నల్ మోత మోగిపోతోంది, మాటే సరిగ్గా అర్థం కావడం లేదు.

ఇట్లు,
ఎన్‌కే06 నుంచి మీ ఓల్డ్ మ్యాన్
23:10 యూటీసీ, అనగా మా అమ్మ లెక్కన కూడా నిన్న
73 (వేలు చూసుకునే నొక్కాను)