బడి ఎదురుగా ఇల్లు

కొత్త ఊళ్లో ఉద్యోగం వచ్చిందని చెబితే అభినందించినవాళ్లు తక్కువ, "పిల్లలున్నవాళ్లు, మంచి ఏరియా చూసుకోండి" అని హెచ్చరించినవాళ్లు ఎక్కువ. ఆ మంచి ఏరియా ఏ మూల ఉంటుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చివరికి మా ఆవిడే పూనుకుని జాబితా రాసింది. బడి దగ్గరుండాలి, పార్కుండాలి, వీధి ప్రశాంతంగా ఉండాలి. అద్దె అందుబాటులో ఉండాలన్న నా షరతును అట్టడుగున, పెన్సిలుతో చేర్చింది.

బ్రోకరు ముందుగా ఫోటోలు పంపాడు. హాల్లో పిల్లలు సైకిలు తొక్కుకోవచ్చనిపించింది. తీరా వెళితే, సైకిలు లోపల పెట్టాక మనం బయట నిలబడాలి. వైడ్ యాంగిల్ లెన్సు మహిమ అది. నాలుగు మూలలనూ ఒక్క ఫోటోలోకి లాగి, ఎదుటి గోడను ఎక్కడికో నెట్టేస్తుంది.

ఇంకో ఇంటికి "పార్కు 5 నిమిషాల నడక" అన్నాడు. మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడనుకుంటే అది 400 మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండాలి. మ్యాపులో గీత గీస్తే అంతే ఉంది కూడా. కాకపోతే ఆ గీతకు అడ్డంగా రైలుపట్టాలున్నాయి, వంతెనేమో ఊరి చివర ఉంది. రెక్కలున్న పిల్లలకైతే దివ్యమైన ఏరియా.

తర్వాతి ఇంటికి ఆదివారం మధ్యాహ్నం రమ్మన్నాడు. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే బ్రోకరు కూడా గొంతు తగ్గించి మాట్లాడాడు. సరిగ్గా ఎదురుగా బడి. గేటుకు తాళం, గోడ మీద రంగుల జిరాఫీ. మా అమ్మాయి జిరాఫీని చూసి ఇల్లు ఖాయం చేసేసింది. అందులో ఉంటున్నాయన అట్టపెట్టెల మధ్య నుంచి తల బయటపెట్టి, "ఉద్యోగరీత్యా దూరం పోవాల్సి వస్తోందండీ, లేకపోతే ఈ ఇల్లు వదిలేవాళ్లమా!" అన్నాడు. ఆయన కళ్లలో తడి చూసి మా ఆవిడ కరిగిపోయింది. ఏడాదికి ఒప్పందం రాసుకున్నాం.

సోమవారం పొద్దున మైకు గొంతు సవరించుకుంది. "మూడో తరగతి! వరుసలో నిలబడాలి!" నోట్లో బ్రష్షుతో నేను కూడా నిటారుగా నిలబడ్డాను. ఆ తర్వాత డ్రమ్ములు. ఆ తర్వాత కార్లు. మా గేటుకు అడ్డంగా ఆపిన ప్రతివారూ "రెండే నిమిషాలండీ" అంటారు. నిజమే, ఒక్కొక్కరూ రెండు నిమిషాలే ఉంటారు, వంతులవారీగా.

పోనీ, మన పిల్లలకైనా సుఖం కదా అని బడికి వెళ్లాం. సీట్లు ఎప్పుడో నిండిపోయాయట. పక్కిల్లయినా సరే, వరుసలో చివర నిలబడాల్సిందేనట. కనుక మా పిల్లలు ఊరికి అవతలి కొసన ఉన్న బడికి బస్సులో వెళ్తారు. ఎదురు బడికి వచ్చే కార్ల వల్ల ఆ బస్సు మా వీధిలోకి రాలేదు. సంచులు మోసుకుంటూ, బడికి వచ్చే పిల్లలకు ఎదురీదుతూ, మలుపు దాకా నడుస్తాం.

ఒక సాయంత్రం వెనక వీధిలో పాత అద్దెదారు ఇంటి చెప్పులతో కనిపించాడు. దూరం పోయినవాడు ఇంత దగ్గర్లో ఉన్నాడేమిటని ఆరా తీస్తే, ముందు మొహమాటపడి, తర్వాత ఒప్పందం చివరి పేజీ చదువుకోమన్నాడు. గడువు తీరకముందే ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలి, లేదా మన బదులు ఇంకొకరిని చూపించాలి. మమ్మల్ని చూపించి ఆయన బయటపడ్డాడన్నమాట. కోపం రావలసిన చోట నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ముఖ్యంగా ఆ కళ్లలో తడి మీద.

నిన్న ఇల్లు చూస్తామని ఒకాయన ఫోన్ చేశాడు. ఇద్దరు పిల్లలట, బడి దగ్గరుండాలట, సోమవారం పొద్దున్నే వస్తామన్నాడు.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "అంత హడావుడి ఎందుకండీ? ఆదివారం మధ్యాహ్నం రండి. ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు."