సమాన గుర్తు గారికి ఓ లెక్కల మేడమ్ రాయునది

మహారాజశ్రీ సమాన గుర్తు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి.

ఆ ఒక్క మాట రాశాక కలం ఆగిపోయిందండీ. ఉభయం కుశలంగా ఉందో లేదో చూసుకోవడమే కదా మీ ఉద్యోగం? ఎడమవైపు ఎంతుందో కుడివైపూ అంతే ఉండాలి. అంతకుమించి లోకం మిమ్మల్ని ఏమీ అడగలేదు. మైనస్ గారిని చూడండి పాపం, తీసివేతకూ ఆయనే, రుణసంఖ్యకూ ఆయనే, ఎదురు సంఖ్య చెప్పాలన్నా ఆయనే. మీకు ఆ బాధ లేదు. ఒకటే పని. ఆ ఒక్క పనిని మీరు ఎలా వెలగబెడుతున్నారో ఇవాళ భోజనం బెల్లు నుంచి ఆఖరి పీరియడ్ దాకా కూర్చుని చూశాను. ఎనిమిదో తరగతి నోటుపుస్తకాలు. ఎర్ర పెన్ను ఒకటి అయిపోయింది.

ఇచ్చింది చిన్న సమీకరణం: 2ఎక్స్ + 3 = 11. వచ్చింది ఇదీ:

2ఎక్స్ + 3 = 11 = 2ఎక్స్ = 11 − 3 = 8 = ఎక్స్ = 8/2 = 4

ఒక్క వరసలో ఏడుసార్లు దర్శనమిచ్చారు. ఏడింటిలో అయిదు నిజం, రెండు పచ్చి అబద్ధం. మీ మాట నమ్మి చదివితే 11, 8, 4 ఒకటే సంఖ్య. ఒకడైతే పోనీ అనుకోవచ్చు. సగం క్లాసు ఇంతే. ఒకడిని పిలిచి, "ఏరా, పదకొండూ ఎనిమిదీ సమానమా?" అని అడిగాను. వాడు నా వైపు జాలిగా చూసి, "కాదు కదా మేడమ్, ఆన్సర్ నాలుగే కదా?" అన్నాడు.

నాలుగే. అదే నా ఏడుపు. జవాబు తప్పైతే కొట్టేసి సున్నా వేసి నిద్రపోదును. దారంతా అబద్ధం, చేరిన ఊరు మాత్రం నిజం. దీనికి ఎన్ని మార్కులు వెయ్యాలో కాస్త సెలవిస్తారా?

వాడికి మీరు సమాన గుర్తు కాదండీ. "ఇక చెప్పు" అనే సైగ. ఒకటో తరగతిలో 2 + 3 అని రాసి, మిమ్మల్ని పెట్టి, పక్కన ఖాళీ వదిలాం. అలాంటివి వేల లెక్కలు చేయించాం. వాటిలో మీ కుడిపక్క ఎప్పుడూ ఒకే ఒక్క అంకె కూర్చునేది. ఇంకేముంది, మీరంటే జవాబు వచ్చే కిటికీ అనుకున్నారు పిల్లలు. 1999లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో 145 మంది ఆరో తరగతి పిల్లలకు 8 + 4 = □ + 5 ఇచ్చి ఆ డబ్బాలో ఏం రావాలని అడిగారు. ఒక్కరంటే ఒక్కరు కూడా 7 అనలేదు. అయితే 12, లేకపోతే 17. ఎనిమిదీ నాలుగూ పన్నెండు, కిటికీలో పెట్టేశారు. ఇంకా మిగిలిన 5ని కూడా వదలడం ఎందుకని కొందరు దాన్నీ కలిపేశారు. మీరు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆ పైన క్యాలిక్యులేటర్ వాళ్లు మిమ్మల్ని మీట చేసి కూర్చోబెట్టారు. నొక్కితే జవాబు. దాని మీద ఇంకోటి కలిపి మళ్లీ నొక్కితే ఇంకో జవాబు. పిల్లలు రాసే ఆ పొడుగాటి వరస అచ్చంగా మీటలు నొక్కిన క్రమమే. తర్వాత కోడింగ్ క్లాసు వాళ్లు వచ్చి ఎక్స్ = ఎక్స్ + 1 అని రాయించారు. అక్కడ అది "ఎక్స్‌కి ఒకటి కలుపు" అనే ఆజ్ఞ. నా దగ్గర అది సున్నా ఒకటితో సమానమని వాదించడం. నిజంగా సమానమా అని అడగాల్సి వస్తే చాలా భాషల్లో మిమ్మల్ని పక్కపక్కనే రెండుసార్లు రాస్తారట. ఒక్కసారి చెబితే నమ్మేవాళ్లు లేరన్నమాట. మీ పరువు అక్కడిదాకా వచ్చింది.

మీ వంశచరిత్ర తిరగేస్తే ఇదంతా పుట్టుకతో వచ్చిన బుద్ధేమో అనిపిస్తుంది. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ వైద్యుడు మిమ్మల్ని మొదటిసారి అచ్చులో నిలబెట్టాడు. "సమానం" అనే మాటను పదేపదే రాయలేక విసుగొచ్చి రెండు సమాంతర గీతలు గీశానన్నాడు. వాటికన్నా సమానమైన జంట మరొకటి ఉండదన్నాడు. ఎంత చక్కని మాట! కానీ అసలు కారణం బద్ధకమే కదండీ? నా విద్యార్థులు మీతో ఇంత చనువుగా ఎందుకుంటారో ఇప్పుడర్థమైంది. ఆయన గీసిన గీతలు ఇప్పటికన్నా బాగా పొడుగు, ఒక వరసలో ఏడు పట్టేవి కావు. మరుసటేడే ఆయన జైల్లో పోయాడు. (మీవల్ల కాదులెండి, ఒక పెద్దమనిషి వేసిన పరువునష్టం దావా వల్ల.) ఆ తర్వాత దాదాపు 60 ఏళ్లు మీరు అచ్చులో మళ్లీ కనబడలేదు. 1637లో ఫ్రెంచి గణితజ్ఞుడు డెకార్ట్ తన జ్యామితి పుస్తకంలో మీ స్థానంలో వేరే గుర్తు పెట్టుకున్నాడు.

మీరు పుట్టకముందు బీజగణితం లేదా అంటే, హాయిగా ఉంది. బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ తన బీజగణితం పుస్తకమంతా మాటలతోనే నడిపాడు. 9వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడి గ్రంథానికి వ్యాఖ్య రాసిన పృథూదకస్వామి రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి పేర్చాడు. యావత్తావత్తు (అంటే మన ఎక్స్) కింద యావత్తావత్తు, రూపం (అంటే విడి సంఖ్య) కింద రూపం. మధ్యలో మీ అవసరమే రాలేదు. ఆ పద్ధతిలో 11 = 2ఎక్స్ = 8 = ఎక్స్ అని ఒకే వరసలో గొలుసు అల్లమంటే ఎవరికీ సాధ్యం కాదు, అల్లడానికి చోటే లేదు. మీ పేరుతో నడిచే "సమీకరణం" అనే మాటకు అర్థం కూడా సమం చేయడం. చేసే పని. అందులో జవాబు ఊసే లేదు.

సరే, మీ ఒక్కరినే అనడం న్యాయం కాదు. ఏడో తరగతిలో మిమ్మల్ని పరిచయం చేసేటప్పుడు త్రాసు బొమ్మ వేస్తాను. ఇటు 3 తీస్తే అటూ 3 తియ్యాలి, ముల్లు కదలకూడదు. రెండు రోజులు ఎంతో ముచ్చటగా నడుస్తుంది. మూడో రోజు సిలబస్ గుర్తొస్తుంది. "ఇదంతా ఎందుకర్రా, షార్ట్‌కట్ చెబుతా, అటు వెళ్తే గుర్తు మారుతుంది" అనేస్తాను. క్లాసంతా "హమ్మయ్య" అంటుంది. త్రాసు ఆ రోజుతో సరి. అప్పటినుంచి మీరొక గోడ. ఇటువైపు ప్లస్ చొక్కా వేసుకున్నవాడు గోడ దూకితే మైనస్ చొక్కాతో దిగుతాడు. ఎందుకు దిగుతాడని ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

ఎనిమిదో తరగతికొచ్చేసరికి ఆ గోడ నా మీదే కూలుతుంది. 3ఎక్స్ = 12 ఇస్తే ఎక్స్ = 12 − 3 = 9 అంటాడొకడు. 3 అటు వెళ్లింది, గుర్తు మారింది, మీరే చెప్పారు మేడమ్. ఇంకొకడు ఎక్స్ = 12/−3 అని, −4 తెస్తాడు. వాడు ఇంకా విధేయుడు. భాగహారమూ చేశాడు, గుర్తూ మార్చాడు. తొమ్మిదిలోనూ పదిలోనూ అదే గోడ, అవే దూకుళ్లు. రెండువైపులా ఒకే పని చెయ్యాలిరా అంటే, "అది ఏడో క్లాసు పద్ధతి కదా మేడమ్" అంటారు.

నువ్వు ఒక్కసారి నోరు విప్పితే నీ సొమ్మేం పోయింది? ఎన్నేళ్లుగా చూస్తున్నాను నిన్ను? 12 − 3కీ 12/3కీ తేడా తెలియకుండా పిల్లాడు నీ నెత్తి మీంచి దూకుతుంటే, "ఆగరా, ఇది తప్పు" అని ఒక్కసారైనా అన్నావా? ఎవడు ఏ అబద్ధం మధ్యలో పెట్టినా రెండు గీతలూ బారుగా చాపుకుని పడుకుంటావు. తప్పు వాడు రాస్తే, షార్ట్‌కట్ నేను చెబితే, తీరిక లేకుండా సిలబస్ వాళ్లు తరిమితే, మధ్యలో సాక్షివి నువ్వు! ఏ సాక్షి అయినా ఏదో ఒకరోజు ఎదురు తిరుగుతాడు. నువ్వు మాత్రం తిరగవు.

క్షమించాలి. మీరు, మీరు.

పెద్ద తరగతుల్లో తమరి లీలలు మరో రకం. ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్‌కి ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్‌ని పక్కన కూర్చోబెట్టి పెళ్లి చేస్తారు, మధ్యలో టూ ఏబీ ఏమైందని అడగరు. ఏ గానీ బి గానీ సున్నా అయితే తప్ప ఆ పెళ్లి నిలవదని మీకు తెలుసు. ఇంకొక చమత్కారం, ఆ సూత్రంలో టూ ఏబీ సరిగా రాసినప్పుడు మీకు "అన్ని వేళలా" అని అర్థం. అదే ఎక్స్ స్క్వేర్ = 5ఎక్స్ − 6 దగ్గర "2, 3 అయితేనే" అని అర్థం. ఒకటి సర్వసమీకరణం, ఒకటి సమీకరణం, వేసుకున్న బట్టలు మాత్రం ఒకటే. "అన్ని వేళలా" అని చెప్పడానికి మూడు గీతల అన్నగారు (≡) ఉన్నారని విన్నాం గానీ ఆయన మా వైపు అరుదుగా వస్తారు.

పై = 22/7 అని నమ్మించినదీ మీరే. ఆర్కిమెడీజ్ పై విలువ 22/7 కంటే తక్కువని రుజువు చేసి వెళ్లాడు. ఆర్యభటుడు 499లో 62832/20000 ఇచ్చి, ఇది "ఆసన్నం" అని ఒక ముక్క జోడించాడు, దగ్గరి విలువే సుమా అని. అంత పెద్దమనిషి జాగ్రత్తపడిన చోట మీరు నిర్భయంగా దూరిపోయారు.

పదో తరగతి త్రికోణమితి గురించి రాస్తే ఈ ఉత్తరం తెల్లారదు. "నిరూపించండి" అంటే, నిరూపించాల్సిన దాన్నే మొదటి వరసలో మీతో సహా రాసేసి, రెండువైపులా కుస్తీపట్టి చివరికి 0 = 0 తెస్తారు. కింద గర్వంగా "నిరూపించబడినది". 3 = 5 అని రాసి రెండువైపులా సున్నాతో గుణించినా 0 = 0 వస్తుందని చూపించాను. వెనక బెంచీవాడు "అయితే 3, 5 సమానమేనా మేడమ్?" అని ఆనందపడ్డాడు.

ఇక అసలు సంగతి. ఇన్ని పేజీలు దాటించానంటేనే మీకు అర్థమై ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆఖరి పీరియడ్‌లో ఆ నోటుపుస్తకాలు బల్ల మీద ధన్‌మని పడేసి, ఎనిమిదో తరగతికి మీ గౌరవ మర్యాదల గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. సమానం అంటే సమానమే, జవాబు కాదు, బాణం కాదు, ఊపిరి పీల్చుకునే చోటు కాదు అన్నాను. గొంతు కూడా కొంచెం వణికింది, నాకే బాగా అనిపించింది. అప్పుడు మూడో బెంచీలో, ఏడాదంతా పెద్దగా మాట్లాడని పిల్ల లేచింది.

"మేడమ్, మరి అది?"

వేలు నా వెనక్కి చూపిస్తోంది. బోర్డు మీద కుడివైపు మూల. పొద్దున ఒకడి యూనిట్ టెస్టు మార్కులు వాడి ముందే కూడి చూపించి, చెరపడం మర్చిపోయాను. నా చేతిరాతే, గుండ్రంగా, అందంగా:

18 + 14 = 32 + 9 = 41 + 23 = 64

క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఏం జరిగిందో మీరూ అక్కడే ఉన్నారు, చూశారు. నాలుగే కదా అన్నవాడు లేచి మరీ నవ్వాడు. "ఆన్సర్ కరెక్టే కదర్రా" అనబోయి పెదవి కొరుక్కున్నాను.

బెల్లు కొట్టాక అందరూ వెళ్లిపోయారు. ఆ పిల్ల మాత్రం బోర్డు దగ్గరికొచ్చి, "పైన ఒకటి కింద ఒకటి రాస్తే అవదు కదా మేడమ్ ఇలా?" అంది. పృథూదకస్వామి పేరు దానికి నేనెప్పుడూ చెప్పలేదు. దానికి తోచింది, అంతే. మీ ఎడమ, మీ కుడి, రెండూ చదివే మనిషి ఒకరు దొరికారు మీకు. నాకైతే ఈ ఏడాది ఈ ఒక్కరే. అందుకే మీ మీద కోపం రావాల్సినంత రావడం లేదు. మీరు నోరు విప్పరు నిజమే. చదవడం వచ్చినవాళ్ల దగ్గర మాత్రం విప్పుతారు కాబోలు. నా దగ్గర పొద్దుటినుంచీ ఎందుకు విప్పలేదో మనం తర్వాత మాట్లాడుకుందాం.

రేపు మొదటి పీరియడ్ ఆరో తరగతి. 8 + 4 పక్కన మిమ్మల్ని పెట్టి, కుడివైపు డబ్బా, దాని పక్కన 5. పన్నెండు అంటారు. అనుకోనివ్వండి. త్రాసు బొమ్మ ఈసారి మూడో రోజు చెరపను. నాలుగో రోజు సంగతి మాత్రం మాట ఇవ్వలేను.

ఇట్లు,
లెక్కల మేడమ్

తా.క.: బోర్డు మీది ఆ వరస ఇంకా చెరపలేదు. అందులో మీరు మూడుసార్లు ఉన్నారు, నిజం చెప్పింది ఒక్కసారే. ఎక్కడో రేపు ఆరో తరగతి వాళ్లను అడుగుతాను. ఎవరు రాశారని అడిగితే మాత్రం మీ పేరు చెబుతాను.