అర్ధరాత్రి త్రీఫేజు

మా ఇంట్లో కార్లు రెండు, రాత్రి ఒకటి. ఇంగ్లండులో ఉంటున్న తెలుగువాళ్ళ కష్టాలన్నిటిలోకీ ఇదే పెద్దదని నా నిశ్చితాభిప్రాయం. వీసాల గురించీ, ఇంటి లోను వడ్డీల గురించీ, గ్రామర్ స్కూలు సీట్ల గురించీ రాసేవాళ్ళు కోకొల్లలు. ఎలక్ట్రిక్ కార్లు రెండుంటే ఇంటికి ఏ కరెంటు ప్లాను తీసుకోవాలో చెప్పే నాథుడు మాత్రం లేడు. మూడు వారాల ఎక్సెల్ తపస్సు తర్వాత ఆ బరువు నేనే నెత్తికెత్తుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం కాస్త పూర్వరంగం. మన ఊళ్ళలో కరెంటు గురించి ఉండేది ఒకటే ప్రశ్న: ఉందా, పోయిందా? ఇక్కడ పోదు. పోకపోయేసరికి జనానికి ఏమీ తోచక, ఏ గంటకి ఎంత అనే కొత్త ప్రశ్న పుట్టించుకున్నారు. 1978లోనే ఎకానమీ 7 అని ఒకటి పెట్టారు. ఊరంతా పడుకుంది కదా అని పెద్ద పవర్ స్టేషన్లను ఆపెయ్యలేరు, ఆ కరెంటును ఎవరో ఒకరికి అంటగట్టాలి. అందుకని రాత్రి ఏడు గంటలు చవగ్గా ఇస్తాం, ఇటుకల హీటర్లు వేడెక్కించుకోండి, పగలంతా ఆ వేడితో సర్దుకోండి అన్నారు. వేసవిలో ఈ దేశం గడియారాలు గంట ముందుకు జరుపుతుందని ఆ పాత మీటర్లలో చాలావాటికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఎండాకాలం చవక కరెంటు కూడా గంట లేటు. ఇన్నేళ్ళుగా ఇది భరిస్తున్నవాళ్ళ ఓర్పు చూస్తే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు కార్లొచ్చాక ప్లాన్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఆక్టోపస్ అనే కంపెనీ వాళ్ళ ఎజైల్ ప్లానులో అరగంటకో రేటు, అంటే రోజుకి 48 రేట్లు. రేపటి రేట్లు ఇవాళ సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో బయటికొస్తాయి. గాలి గట్టిగా వీచి విండ్ టర్బైన్లు ఎడాపెడా తిరిగిన రోజున రేటు ఒక్కోసారి సున్నా కిందకి పోతుంది. అంటే కరెంటు వాడుకున్నందుకు మనకే ఎదురు డబ్బులిస్తారు. నా స్నేహితుడొకడు అందులో ఉన్నాడు. వాడికిప్పుడు తుఫాను హెచ్చరిక వస్తే పండగ. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఇంట్లో ఎవరినీ ఓవెన్ దగ్గరికి రానివ్వడు. వాళ్ళమ్మాయి పుట్టినరోజు కేకు ఏడు గంటల రెండు నిమిషాలకి ఓవెన్లోకి వెళ్ళింది. వచ్చిన పిల్లలు అప్పటికి చిప్స్ తిని ఇళ్ళకి పోయారు.

అంత దూరం నేను పోలేదు. నాకు తేలిన ప్లాన్లు రెండు. మొదటిది: రాత్రి పన్నెండున్నర నుంచి ఐదున్నర దాకా యూనిట్ ఎనిమిదిన్నర పెన్నీలు, మిగతా గంటల్లో 28. ఏ కారు పెట్టుకున్నా వాళ్ళకి పట్టదు. రెండోది: పదకొండున్నర నుంచి ఐదున్నర దాకా ఏడు పెన్నీలే, కానీ చార్జింగ్ ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఆగాలో కంపెనీ యాప్ నిర్ణయిస్తుంది. ఆ యాప్ మొదటి రోజునే "మీ కారు ఏది?" అని అడిగింది. బహువచనం దానికి తెలియదు. ఒక కారు పేరు రాస్తే రెండోది సవతి బిడ్డయిపోతుంది. ఎవరి కారు పేరు రాయాలన్న చర్చ మా ఇంట్లో రెండు రోజులు నడిచింది. ఆ రెండు రోజులూ నేను హాల్లో సోఫా మీద పడుకున్నాను, కాబట్టి నిర్ణయం ఎటు మొగ్గిందో మీరే ఊహించుకోవచ్చు. చివరికి వివాదం లేని మొదటి ప్లానే తీసుకున్నాం.

ఇక అసలు లెక్క. ఇది జాగ్రత్తగా చదవండి, మళ్ళీ చెప్పను. మేముండేది రెడింగ్. మా ఆవిడ ఆఫీసు స్విండన్‌లో, రానూపోనూ 80 మైళ్ళు. నాది స్లౌ, రానూపోనూ 40. యూనిట్‌కి మూడున్నర మైళ్ళు వేసుకుంటే ఆమె కారుకి రోజుకి 23 యూనిట్లు, నా కారుకి పదకొండున్నర. మొత్తం ముప్పైనాలుగున్నర. ఇంటి గోడకున్న చార్జర్ ఏడు కిలోవాట్లు, చవక గంటలు ఐదు. ఐదేళ్ళు ముప్పైఐదు. అర యూనిట్ మిగులు! ఈ అంకె చూసిన రాత్రి నాకు ఆనందంతో నిద్ర పట్టలేదు. తర్వాత్తర్వాత వేరే కారణాలతో పట్టలేదు.

ఎందుకంటే చార్జర్ ఒకటే. రెండోది పెట్టిద్దామంటే ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు డబ్బా తెరిచి చూసి, మీ ఇంటి మెయిన్ ఫ్యూజు 80 ఆంప్స్, ఒక్కో చార్జర్ 32 లాగుతుంది, రెండూ నడుస్తుండగా ఎవరైనా కరెంటు షవర్ తిప్పారంటే అంతే సంగతులు అన్నాడు. కరెంటు పంచి ఇచ్చే పరికరం ఉందిట. దాని ధర విన్నాక నాకు పంచుకోవడం మీద నమ్మకం పోయింది. కాబట్టి అర్ధరాత్రి పన్నెండున్నరకి స్విండన్ కారు మొదలవ్వాలి. 3 గంటల 47 నిమిషాలకి దానికి కడుపు నిండుతుంది. అప్పుడు ఒక మనిషి లేచి, చెప్పులేసుకుని, బయటికెళ్ళి, కేబుల్ పీకి స్లౌ కారుకి గుచ్చాలి. ఆ మనిషి ఎవరన్న విషయంలో చర్చ జరగలేదు.

మా ఆవిడ ఒక సలహా ఇచ్చింది. న్యాయంగా ఉండాలి కాబట్టి అది కూడా ఇక్కడ రాస్తున్నాను. "బ్యాటరీ నిండితే రెండు వందల మైళ్ళు వస్తుంది కదా. రెండు రాత్రులు నా కారు పెడదాం, ఒక రాత్రి నీ కారు పెడదాం. ఎవరూ లేవక్కర్లేదు." లెక్క వేసి చూశాను. సరిగ్గా సరిపోయింది. అయినా శాస్త్రీయ దృక్పథం లేని సలహా అని పక్కన పెట్టాను. మూడు వారాల ఎక్సెల్‌ని రెండు వాక్యాల్లో తేల్చేస్తే ఇక చదువులెందుకు?

ఒక రాత్రి అలారం మోగింది, నేను లేవలేదు. నిజం చెప్పాలంటే అలారం లేచింది, ఆపేసింది నేను. ఆ రాత్రి లేచి పెట్టాల్సింది నా కారు కాదు, అంతకు ముందు రోజు వరస తారుమారు చేసినందువల్ల ఆమెది. ఆమె మోటార్‌వే పక్కన ఆగి యూనిట్ 79 పెన్నీల చొప్పున 23 యూనిట్లు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. పద్దెనిమిది పౌండ్లు. అక్కడ కరెంటు మీద పన్ను 20 శాతం, ఇంట్లో అయితే ఐదే, అందుకే ఇంట్లో పెట్టుకోవడం తెలివైన పని అని సాయంత్రం ఆమెకి వివరించాను. ఆ రాత్రి మళ్ళీ సోఫా.

ప్రభుత్వం కూడా మా లెక్కలు చూస్తూ ఊరుకోలేదు. ఎలక్ట్రిక్ కారుకి రోడ్డు టాక్స్ ఉండదని కొన్నాం. 2025 ఏప్రిల్ నుంచి అప్పటికే కొన్న మాలాంటివాళ్ళ కార్లకి కూడా ఏడాదికి 195 పౌండ్లు పెట్టారు. 2028 ఏప్రిల్ నుంచి మైలుకి మూడు పెన్నీలట. స్విండన్ వెళ్ళొస్తే రెండు పౌండ్ల నలభై. ఆ 80 మైళ్ళకి నేను అర్ధరాత్రి లేచి పట్టే కరెంటు ఖర్చు రెండు పౌండ్లు కూడా కాదు. పిడికెడు బియ్యానికి బస్తా కూలి. అయినా నా పెన్నీ నా పెన్నీయే.

చవక గంటల్లో కరెంటు కారుకే కాదు, ఇంటి మొత్తానికీ చవకే. ఈ సంగతి గుర్తించాక మా సంసారం అర్ధరాత్రికి మారింది. వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్, ఇస్త్రీ, అన్నీ పన్నెండున్నర తర్వాతే. మనుషులు పడుకున్నప్పుడు ఇవి నడపొద్దని ఇక్కడి ఫైర్ సర్వీసులు చెబుతుంటాయి. అందుకని ఒకరు మేలుకుని కాపలా. ఇడ్లీ పిండి కూడా అప్పుడే. తెనాలి నుంచి 23 కిలోల లగేజీలో సగం తినేసి వచ్చిన గ్రైండర్ మాది. నిశ్శబ్దంగా ఉన్న ఇంగ్లీషు వీధిలో రాత్రి ఒంటిగంటకి రాయి తిరుగుతుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. పక్కింటి పెద్దావిడ మూడు రాత్రులు చూసి, నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర నన్ను ఆపి, ఇంట్లో అందరూ కులాసానా అని ఎంతో మర్యాదగా అడిగింది. అప్పుడు కూర్చుని లెక్క కట్టాను. గ్రైండర్ 150 వాట్లు. అరగంట రుబ్బితే యూనిట్‌లో పదమూడో వంతు. రాత్రి రుబ్బడం వల్ల మిగిలేది ఒకటిన్నర పెన్నీ. వారానికి రెండు సార్లు రుబ్బితే ఏడాదికి పౌండున్నర పైచిలుకు. తక్కువా?

ఈ దశలో మా అమ్మా నాన్నా వచ్చారు. మాది నరసరావుపేట పక్కన పల్లె. నాన్న నలభై ఏళ్ళు బోరు కింద మిరప వేశారు. వచ్చిన మొదటి రాత్రి నిద్ర పట్టక ఆయన కిందికి దిగేసరికి నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, తలకి మఫ్లర్ చుట్టుకుని, చేతిలో టార్చి పట్టుకుని తలుపు తీస్తున్నాను.

"ఎక్కడికిరా ఈ వేళప్పుడు?"

"కరెంటొచ్చింది నాన్నా. కారుకి పెట్టొస్తాను."

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూశారు. "త్రీఫేజేనా?"

"సింగిల్ ఫేజే. ఏడు కిలోవాట్లు."

"అంటే తొమ్మిదీ పది హెచ్‌పీ. మన మోటారు ఐదే కదరా." ఇంకేమీ అనలేదు. కోటు తగిలించుకుని నా వెనకాలే వచ్చారు.

అప్పట్లో మాకు పొలాల కరెంటు అంటే రోజుకి ఏడు గంటలు. అది కూడా రెండు విడతలుగా, ఒక విడత రాత్రి. ఏ అర్ధరాత్రికో త్రీఫేజు వచ్చేది. నాన్న టార్చి పట్టుకుని, గట్టు మీద కర్రతో చప్పుడు చేసుకుంటూ పామునో తేలునో తప్పించుకుని వెళ్ళి మోటారు వేసి వచ్చేవారు. నేను రగ్గు కప్పుకుని పడుకుని, పెద్ద చదువులు చదివి ఈ బతుకు నుంచి బయటపడాలని గట్టిగా అనుకునేవాణ్ణి. చదివాను. ఎకానమీ 7 కూడా ఏడు గంటలేనన్న సంగతి అప్పుడు తెలియదు.

మర్నాడు నాన్నకి చార్జర్ యాప్ చూపించాను. టైము పెట్టేస్తే దానంతటదే మొదలవుతుందని గొప్పగా చెప్పాను.

"ఆటో స్టార్టరు," అన్నారాయన.

"అది కాదు నాన్నా, ఇది స్మార్టు..."

"కరెంటు రాగానే మనిషి లేకుండా మోటారు దానంతటదే తిరిగితే ఆటో స్టార్టరే. మీ ఊళ్ళో వాటిని పీకించరా? మా దగ్గర కరెంటు వాళ్ళు ఊరూరా తిరిగి పీకించారు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తగలబడిపోయేది."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నా లెక్కలో అర యూనిట్ మిగులును తినేస్తున్న దొంగ దొరికింది. 2022 జూన్ 30 నుంచి ఇక్కడ ఇళ్ళకి అమ్మే చార్జర్లకి ఒక చట్టం ఉంది. టైము కాగానే చార్జర్ వెంటనే మొదలవ్వకూడదు. పది నిమిషాల లోపు తనకి తోచినంతసేపు ఆగి మొదలవ్వాలి. దేశంలో కార్లన్నీ పన్నెండున్నరకి ఒక్కసారిగా లాగితే గ్రిడ్ తట్టుకోలేదని. ఆ ఆలస్యాన్ని రద్దు చేసుకునే వీలుంది, కానీ దానికి మనిషి మేలుకుని ఉండాలి. అర యూనిట్ అంటే నాకున్న ఖాళీ నాలుగు నిమిషాల చిల్లర. దాన్ని ఒక పార్లమెంటు, మా ఊరి లైన్‌మన్ ముప్పై ఏళ్ళ కిందట చెప్పిన కారణంతోనే, లాగేసుకుంది.

ఆ రాత్రి నుంచి కేబుల్ డ్యూటీ నాన్నది. నేను అడగలేదు. ఆరు నెలల వీసాలో ఆయన ఈ దేశంలో చేస్తున్న పనుల్లో ఆయనకి అర్థమైన పని ఇదొక్కటే అనుకుంటాను. వారం రోజుల్లో గడియారం చూడకుండా 3:47కి లేవడం అలవాటైంది. మా ఆవిడ "మావయ్యగారూ, రెండు రాత్రులు ఇది, ఒక రాత్రి అది పెడితే లేవక్కర్లేదండీ" అని చెప్పి చూసింది. "నీ మాటే కరెక్టమ్మా" అని ఒప్పుకుని, మఫ్లర్ వెతుక్కుంటూ వెళ్ళారు. అమ్మకి మాత్రం కోపం. తన జీవితంలో సగం రాత్రులు ఇలాగే పోయాయని, విమానమెక్కి ఇంత దూరం వచ్చింది మళ్ళీ ఇదే చూడటానికా అని గ్రైండర్ ముందు కూర్చుని తిడుతోంది.

మొన్న రాత్రి దాహమేసి లేచాను. పన్నెండున్నర దాటింది. కిటికీలోంచి చూస్తే నాన్న రెండు కార్ల మధ్య కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ కర్ర ఎక్కడ సంపాదించారో తెలియదు. చార్జర్ మీద పచ్చ లైటు ఇంకా వెలగలేదు, పది నిమిషాల చట్టం నడుస్తోంది. ఆయన చెవి దగ్గర ఫోను. మా ఊళ్ళో అప్పుడు తెల్లవారుజామున ఐదు. మా పొలం కౌలుకి చేస్తున్నాయనతో మాట్లాడుతున్నారు.

పచ్చ లైటు వెలిగింది.

"ఆఁ, మాకిప్పుడే ఇచ్చారు," అంటున్నారు నాన్న. "మీకిచ్చారా?"