ఆధార్ కార్డులోని వయసు చూసి వైద్యం నిర్ణయించకండి

ఇంట్లో డెబ్బయ్యయిదేళ్ల పెద్దాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే మన కుటుంబాలలో రెండు తీర్మానాలు జరిగిపోతాయి: ఆయనకు జబ్బు పేరు చెప్పకూడదు, ఈ వయసులో కీమో తట్టుకోలేరు. రెండూ ఆసుపత్రి వరండాలో, ఆయన లేకుండా, కొడుకులూ అల్లుళ్లూ కలిసి చేసేవే. ప్రేమతోనే చేస్తారు, కాదనను. అయినా ఆ హక్కు వారికెవరిచ్చారన్నది నా ప్రశ్న.

ఫ్రాన్స్‌లో 70 నుంచి 89 ఏళ్ల వయసులో జబ్బు ముదిరిన రోగులపై జరిపి, 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే కీమో మందు తీసుకున్నవారిలో సగంమంది సుమారు ఆరు నెలలకు మించి బతికితే, రెండు మందులు కలిపి తీసుకున్నవారిలో సగంమంది పది నెలలు దాటారు. తెల్ల రక్తకణాలు పడిపోవడం వంటి బాధలు మాత్రం రెండో వర్గంలోనే ఎక్కువ. అందుకే చూడవలసింది పుట్టిన సంవత్సరం కాదు. తన స్నానం తాను చేసుకోగలుగుతున్నారా, ఈమధ్య బరువెంత తగ్గారు, కిడ్నీలు ఎలా ఉన్నాయి, బీపీకీ షుగరుకీ కలిపి ఇప్పటికే ఎన్ని మాత్రలు మింగుతున్నారు అన్నవి. కిక్కిరిసిన ఓపీలో ఇవన్నీ అడిగే తీరిక ఎవరికుంటుంది? మనమే రాసుకుని వెళ్లాలి. బయాప్సీ ముక్కకు జన్యుపరీక్ష కూడా అడగాలి. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు బయటపడితే, అది మన దేశపు రోగులలో, ముఖ్యంగా పొగతాగని ఆడవారిలో, అరుదేమీ కాదు, కీమోకు బదులు రోజూ ఒక మాత్రతోనే చికిత్స మొదలుపెట్టవచ్చు.

నొప్పి, ఆయాసం, దిగులు వంటి బాధలను తగ్గించే పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడమని అనుకోవడం మరో పొరపాటు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవారిపై అమెరికాలోని బోస్టన్‌లో జరిపి, 2010లో వెలువరించిన పరిశోధనలో, మొదటినుంచీ మామూలు చికిత్సతోపాటు ఆ సేవ కూడా అందుకున్నవారు తక్కువ దిగులుతో, రెండు నెలలకు పైగా ఎక్కువ కాలం జీవించారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఏళ్లుగా నడుస్తోంది. మా పెదనాన్నగారికి ఆయాసం ఎక్కువైన రాత్రులలో, వెనక దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగిలేలా పెడితే, ఆక్సిజన్ సిలిండర్ కంటే అదే హాయిగా ఉందనేవారు. నొప్పినీ ఆయాసాన్నీ తగ్గించే మార్ఫిన్ మందును డాక్టరు కొద్ది మోతాదులో రాస్తే, అలవాటు పడిపోతారని బంధువులు అడ్డుపడ్డారు! ఊపిరి అందక నిద్రలేని మనిషికి అలవాటు గురించి ఉపన్యాసమా?

జబ్బు సంగతి దాచడం ఎలాగూ సాగదు. క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు ఆయనా చదువుతారు. ఎంత తెలుసుకోవాలనుందో, ఎంతవరకు చికిత్స కావాలో ఆయననే అడిగి, వద్దంటే ఆ మాటకూ విలువివ్వాలి. రిపోర్టు వచ్చిన రోజున, ఆయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మనం లోపలికి వెళ్లడం ఆపాలి.