బఫర్ దించితే ఆలస్యం పోతుందా?

బరంపురం నుంచి రాయగడ దాకా ఇళ్ళలో చిన్న చిన్న రికార్డింగు గదులు నడుపుకుంటున్న తెలుగువాళ్ళ ఫోన్లలో కొంతకాలంగా ఒక సలహా తిరుగుతోంది. బఫర్‌ను (కంప్యూటర్ శబ్దాన్ని కొద్దికొద్దిగా పోగుచేసుకునే పొట్లాన్ని) 64 శాంపిళ్ళకు, అంటే 64 శబ్దపు కొలతలకు, దించాలనీ, డిలే కాంపెన్సేషన్ (ట్రాకుల మధ్య ఆలస్యాలను సరిచేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఎన్ని ప్లగిన్లు (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) పెట్టినా పాడేవారికి గొంతు ఆలస్యంగా వినబడదనీ, అయినా వినబడితే లోపం ఆడియో ఇంటర్‌ఫేస్‌దే (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెదే) కనుక కొత్తది కొనుక్కోవాలనీ దాని సారాంశం. మొదటి మాట సగం నిజం, రెండోది తలకిందులు, మూడోది డబ్బు దండగ.

48 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్ళ లెక్కన, 64 శాంపిళ్ళంటే 1.3 మిల్లీసెకన్లు, 512 అయితే 10.7. శబ్దం లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి వెళ్ళేటప్పుడు ఒకసారి బఫర్‌ను దాటాలి కనుక దాన్ని తగ్గిస్తే లాభం ఉన్నమాట వాస్తవమే. కానీ ప్లగిన్ తన పనికి తీసుకునే సమయం వేరే లెక్క. లుక్‌అహెడ్ లిమిటర్ (శబ్దం హద్దు మీరకుండా ఆపేది), లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ (మంద్ర, తార స్థాయుల పాళ్ళు సవరించేది), హోరు తీసే ప్లగిన్ వంటివి ముందు కొంత శబ్దాన్ని కూడబెట్టుకుంటే తప్ప పని చేయలేవు. బఫర్ ఎంత దించినా ఆ కూడబెట్టుకునే సమయం తగ్గదు.

పర్లాకిమిడిలో మా మేడమీది గదిలో భజన పాటలు రికార్డు చేస్తుండగా ఒక పెద్దావిడ పల్లవిని రెండుసార్లు మధ్యలో ఆపేసి, హెడ్‌ఫోన్‌ను ఒక చెవి మీంచి వెనక్కి జరిపి, "నా గొంతు నా ఎనకాతలే వస్తోంది బాబూ" అన్నారు. బఫర్ అప్పటికే 64లో ఉంది. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్ విండో అడుగున చూస్తే ఆలస్యం 2048 శాంపిళ్ళని కనిపించింది. ముందురోజు మిక్సింగ్ కోసం, అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మీద పెట్టి మరిచిపోయిన లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ అది. అంటే దాదాపు 43 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఆపాటికి పద్నాలుగు మీటర్లు దాటుతుంది. ఆవిడ తన గొంతును వీధి అవతలి గుమ్మంలోంచి వింటూ పాడవలసి వచ్చిందన్నమాట. తప్పు పూర్తిగా నాదే.

డిలే కాంపెన్సేషన్ ఆలస్యాన్ని తీసెయ్యదు, అందరికీ పంచుతుంది. ఒక ట్రాకు వెనకబడితే మిగతావాటినీ అంతసేపూ ఆపి, అన్నిటినీ కలిపి వదులుతుంది. ఇదివరకే రికార్డయిన ట్రాకునైతే ముందుగా చదివి పెట్టుకోవచ్చు గాని, ఇంకా నోట్లోంచి రాని స్వరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ముందే తేలేదు. అందుకే పాడింది టైమ్‌లైన్ మీద సరైన చోటే కూర్చున్నా, పాడుతున్నప్పుడు చెవికి మాత్రం ఆలస్యమే. లాజిక్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో లో లేటెన్సీ మోడ్, అలాంటిదే అయిన క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ అనే బటన్లు ఉన్నది ఇందుకే. ఆలస్యం ఎక్కువగా ఉన్న ప్లగిన్లను అవి తాత్కాలికంగా పక్కన పెడతాయి. ప్లగిన్ ప్రభావాన్ని ఆపే బైపాస్ నొక్కితే చాలదా అని అడుగుతారు. బైపాస్‌లో ఉన్నా చాలా ప్లగిన్లు తమ ఆలస్యాన్ని అట్టేపెట్టుకుంటాయి కనుక వాటిని ఆఫ్‌లైన్ చేయాలి (పని నుంచి పూర్తిగా తప్పించాలి), లేదా తీసెయ్యాలి.

ఇక కొత్త ఇంటర్‌ఫేస్ సంగతి. మంచి డ్రైవర్ (దాన్ని కంప్యూటర్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నదైతే కొన్ని మిల్లీసెకన్లు కలిసొస్తాయి గాని, నా ఈక్వలైజర్ తిన్న 43లో ఒక్కటీ తిరిగిరాదు. పైగా చేతిలో ఉన్న పాత పెట్టెకే చాలావరకు డైరెక్ట్ మానిటర్ ఉంటుంది. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళి తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. దాన్ని వాడేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ (పాడుతున్నది సాఫ్ట్‌వేర్ గుండా వినిపించడం) ఆపకపోతే గొంతు రెండుగా వినబడుతుంది. రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) లేకపోతే పాడలేమనేవారికి, అసలు గొంతు కలపకుండా రివర్బ్‌ను మాత్రమే సాఫ్ట్‌వేర్ నుంచి పంపవచ్చు; రివర్బ్ కాస్త వెనక వచ్చినా చెవికి అది గది పెద్దదైనట్టే ఉంటుంది.

ఆ రోజు ఈక్వలైజర్ తీసేసి, ఈ పద్ధతిలోనే వినిపించాం. పెద్దావిడ హెడ్‌ఫోన్ రెండు చెవుల మీదా ఉంచుకునే చరణం పూర్తి చేశారు.