కొలిచేది బిళ్లల్ని, నడకను కాదు

వాన వెలిసిన ఉదయం మన నగరాల్లో ఫుట్‌పాత్ మీద నడవాలంటే కొంత అనుభవం ఉండాలి. కాలు పెట్టగానే పేవర్ బ్లాక్ ఒక పక్కకి కుంగుతుంది, కింద దాక్కున్న బురదనీళ్లు చివ్వున చిమ్మి ప్యాంటు మోకాళ్లదాకా ఖరాబవుతుంది. రెండుసార్లు అయ్యాక ఏ బిళ్ల గట్టిదో, ఏది ఊగుతుందో గుర్తుపెట్టుకుంటాం. మూడోసారి అసలు ఫుట్‌పాతే ఎక్కం. రోడ్డు మీదే నడుస్తాం, వెనకనుంచి హారన్లు కొట్టించుకుంటాం. ‘ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తారేంటండీ’ అని కార్లో వెళ్లేవాళ్లు విసుక్కుంటారు.

ఆ బిళ్ల ఎందుకు ఊగుతోంది? పైకి కనిపించేది అరవై మిల్లీమీటర్ల కాంక్రీటు దిమ్మ. అసలు పనితనమంతా దాని కింద ఉంటుంది. వదులు మట్టి తీసేయాలి, కంకర పరిచి గట్టిపడేదాకా తొక్కించాలి. దానిపైన అంగుళం, అంగుళంన్నర ఇసుక సమంగా పరిచి, బిళ్లలు పేర్చి, యంత్రంతో అదమాలి. సందుల్లో సన్న ఇసుక నింపాలి. అంచున కర్బ్ రాయిని కాంక్రీటులో కదలకుండా నిలబెట్టాలి. ఈ అంచు గట్టిగా లేకపోతే పక్కబిళ్ల జరుగుతుంది, దాని సందులోంచి నీళ్లు దిగి కింది ఇసుకను కడుక్కుపోతాయి, ఆపైన వరస మొత్తం కుంగుతుంది. వేసిన తొలి వానకే ఊగిందంటే తప్పు వానది కాదు.

నిరుడు మా వీధిలో ఈ పని జరుగుతుంటే రెండు రోజులు గేటు దగ్గర నిలబడి చూశాను. ఊరి పేరు ఎందుకులెండి, చదివేవాళ్లలో సగంమంది తమ ఊరే అనుకుంటారు. ట్రాక్టర్‌తో డస్ట్, అంటే క్రషర్ రాతిపొడి తెచ్చి తవ్విన మట్టి మీదే పోశారు. పారతో లాగి సమం చేశారు. దాని మీద చకచకా బిళ్లలు పేర్చుకుంటూ పోయారు. ‘అదిమే మిషన్ ఏదీ?’ అని అడిగితే మేస్త్రీ నవ్వి, చెప్పుకాలితో రెండు బిళ్లల్ని తొక్కి చూపించాడు. అతన్ని తప్పు పట్టలేను. అతనికిచ్చేది చదరపు అడుగు లెక్కన కూలి. పైన సబ్ కాంట్రాక్టరు, ఆ పైన అంచనాకన్నా లెస్ కోట్ చేసి పని పట్టుకున్న అసలు కాంట్రాక్టరు ఉన్నారు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ డబ్బు తగ్గుతూ వచ్చింది. చివరికి తగ్గించుకోవడానికి మిగిలింది బిళ్లల కింద చేసే పనే.

నాణ్యత లోపం అనగానే మనవాళ్లు ‘కమీషన్లు’ అని ఒక్కమాటలో తేల్చేస్తారు. కమీషన్లు లేవని నేననను. కానీ అందరూ నిప్పులాంటి నిజాయితీపరులే అయినా ఈ ఫుట్‌పాత్ ఇలాగే వచ్చేదని నా అనుమానం. ఎందుకంటే బిల్లు కట్టేది కొలతల పుస్తకాన్ని బట్టి. ఎం.బి. అని ఆఫీసుల్లో పిలుచుకునే ఆ పుస్తకంలో పొడవు ఇంత, వెడల్పు ఇంత, చదరపు మీటర్లు ఇన్ని అని ఎక్కుతుంది. టేపు పట్టే రోజుకి కంకర మీద బిళ్లలు కప్పేసి ఉంటాయి. కింద తొక్కించారో లేదో చూడాలంటే నాలుగు బిళ్లలు ఎత్తాలి. మార్చి 31 లోపు బిల్లు పెట్టాల్సిన తొందరలో అవెవరెత్తుతారు? ఇక ఒక పెద్దాయన ఈ చివరనుంచి ఆ చివరిదాకా కిందికి దిగకుండా నడవగలడా అన్న ప్రశ్నకి ఆ పుస్తకంలో గడే లేదు. కొలిచేది బిళ్లల్ని, నడకను కాదు.

ప్రమాణాలు లేక కాదు. రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 103 చూడండి, అంతా స్పష్టంగా రాసిపెట్టారు. నడవడానికి అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తలపైన ఖాళీ 2.2 మీటర్లు, కర్బ్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే ఆరంగుళాలు, జానెడుకన్నా తక్కువే. మన వీధుల్లో మోకాలి ఎత్తు ఫుట్‌పాత్‌లు ఎలా వచ్చాయి? రోడ్డు మీద పాత తారు గీకకుండా పొర మీద పొర వేశారు, రోడ్డు లేచింది. దానికన్నా ఎత్తుండాలని ఫుట్‌పాత్‌ని లేపారు. బైకులు ఎక్కకుండా ఉంటాయని ఇంకొంచెం లేపారు. బైకులు ర్యాంపు దగ్గర ఎక్కేశాయి, ఎక్కలేనిది మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలే. అప్పుడు ర్యాంపుకి అడ్డంగా ఇనపగొట్టాలు పాతారు. బైకువాడు హ్యాండిల్ వంచి దూరిపోయాడు, చక్రాల కుర్చీ ఆగిపోయింది. ప్రతి గేటు ముందూ కారుకోసం వాలు, మళ్లీ ఎత్తు, మళ్లీ వాలు. వంద గజాల్లో పదిసార్లు ఎక్కి దిగే దారిని ఎవరైనా ఎందుకు వాడతారు?

పసుపురంగు గళ్ల బిళ్లల సంగతి మరీ విచిత్రం. చూపులేనివాళ్ల కోసం వేసే బిళ్లలవి. నిలువు గీతలున్నది ‘ఇలా ముందుకు నడువు’ అంటుంది, చుక్కలున్నది ‘ఆగు, ముందేదో ఉంది’ అంటుంది. అది పాదంతో చదివే లిపి. మావాళ్లు గీతలు, చుక్కలు ఒకటి విడిచి ఒకటి ముగ్గులా పేర్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చదివితే ‘నడువు ఆగు నడువు ఆగు’ అని ఉంది. కొంతదూరం పోయాక ఆ పసుపు దారి నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ కంచెకి తగిలి, కంచె అవతల మళ్లీ మొదలవుతుంది. ఎం.బి.లో మాత్రం ఆ బిళ్లలు సంఖ్య తప్పకుండా ఎక్కే ఉంటాయి.

బాగా వేసిన ఫుట్‌పాత్ కూడా ఎన్నాళ్లు ఉంటుందన్నది వేరే కథ. మంచినీళ్లవాళ్లు, కరెంటువాళ్లు, కేబుల్‌వాళ్లు తవ్వుతారు. రోడ్ కటింగ్ చార్జీలు కడతారు, మట్టి కుప్ప చేసి పోతారు. ఈ ముడి విప్పడానికి బెంగళూరులో టెండర్‌ష్యూర్ అని ఒక పద్ధతి తెచ్చారు. సెయింట్ మార్క్స్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు లాంటి చోట్ల పైపులు, వైర్లు ముందుగానే ఫుట్‌పాత్ కింద గొట్టాల్లో సర్దేసి, మళ్లీ తవ్వకుండా మూతలు పెట్టారు. ఖర్చు మరీ ఎక్కువని గొడవ జరిగింది, నిజమే. కానీ అక్కడ నడిచి చూసినవాళ్లకి తేడా కాలికే తెలుస్తుంది. హైదరాబాద్‌లో 2020లో సమగ్ర రోడ్ల నిర్వహణ పథకమైన సీఆర్‌ఎంపీ కింద 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను అయిదేళ్ల నిర్వహణకు ఏజెన్సీలకు అప్పగించారు. ఫుట్‌పాత్‌ల బాగోగులు కూడా అప్పుడు అందులో భాగమే. వేసినవాడే చూసుకోవాలన్న ఆ ఆలోచన సరైనదే. రేపు ఊగితే తన జేబులోంచే పోతుందని తెలిస్తే కంకర తొక్కించడానికి ఎవరూ బద్ధకించరు. అయితే అది ప్రధాన రోడ్ల ముచ్చట. బడికి, గుడికి, రేషన్ షాపుకి జనం నడిచేది లోపలి వీధుల్లో.

బోర్డుల దగ్గరా ఇదే జబ్బు. బోర్డుకింత అని బిల్లు, దాన్ని చూసి ఎవరైనా ఊరు చేరారా అని ఎవరూ అడగరు. ఫ్లైఓవర్ ఎక్కాలా, కిందనుంచి పోవాలా అనేది ముందే తెలియాలి. మన దగ్గర బోర్డు సరిగ్గా చీలిక మీదే ఉంటుంది, అది చదివేలోపు చక్రం ఎక్కేసి ఉంటుంది. ఇంకొన్ని వేపకొమ్మల చాటున, కొన్ని పుట్టినరోజు ఫ్లెక్సీల వెనక. అయినా మనకి వీధి పేరుతో అడ్రస్ చెప్పుకునే అలవాటెప్పుడుంది? ‘ఆంజనేయస్వామి గుడి పక్క సందు, మూడో ఇల్లు’ అంటాం. బోర్డుల్ని నమ్ముకుంటే తెల్లారినట్టేనని మన ముందుతరానికి తెలుసు కాబోలు.

నన్ను మరీ బాధపెట్టేది మాత్రం బోర్డు మీది తెలుగు. కృష్ణానగర్‌ని ‘కృష్‌ణానగర్’ అని రాసిన బోర్డు కింద రోజూ వందలమంది తెలుగువాళ్లు నడుస్తారు. ఒత్తు ఎక్కడికి పోయింది? బొమ్మలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు అతికిస్తే, తెలుగు అక్షరాల కూర్పు తెలియని ఆ ప్రోగ్రాం ఒత్తుని విడగొట్టి పక్కన పడేస్తుంది. ఒక సెట్టింగ్ మారిస్తేనో, డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్లలో టైప్ చేయిస్తేనో సరిపోయేది. ఇక రెండో రకం తప్పు ఇంగ్లీషు జాబితాలోంచి పుడుతుంది. మన పేరుని ఇంగ్లీషులో రాసుకుని, దాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పుతారు. ఇంగ్లీషుకి ణ, న ఒకటే. ట, త ఒకటే. హ్రస్వం, దీర్ఘం తేడా లేదు. అలా తిప్పితే మణికొండ ‘మనికొండ’ అవుతుంది, కొత్తపేట ‘కోతపేట్’ అవుతుంది. పక్కనున్న ఉర్దూ అక్షరాలైతే ఒక్కోసారి ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా నిలబడతాయి. ప్రింటుకి పంపేముందు ఆ కాగితాన్ని ఆఫీసు ముందు టీ కొట్టు అబ్బాయికి చూపించినా తప్పు దొరికేది. ఇంగ్లీషులో స్పెల్లింగ్ తప్పు పోతే పేపర్లో ఫొటో వస్తుంది. తెలుగులో తప్పు పోతే వాట్సాప్‌లో నవ్వుకుని వదిలేస్తాం.

ఇదంతా చిన్న చిరాకులే కదా అనిపించొచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచివెళ్తున్నవాళ్లే. అందరూ ఫుట్‌పాత్ లేకే పోయారనను. కానీ ఊగే బిళ్లల్ని తప్పించుకుని మనం దిగేది ఆ రోడ్డు మీదికే. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. వికలాంగులకు అందుబాటులో ఉండి తీరాలంది. దీన్ని చదివి మున్సిపాలిటీలు ముందుగా తోపుడుబళ్ల మీద పడతాయేమోనని నా భయం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకీ చోటు చూపించాలి. పైగా ఇడ్లీ బండి సాయంత్రానికి జరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ జరగదు.

నా మట్టుకు నాకు పెద్ద పథకాలేం అక్కర్లేదు. బిల్లులో నాలుగోవంతు ఒక వానాకాలం గడిచేదాకా ఆపండి. టేపు పట్టే రోజు ఇంజనీరుగారి పక్కన ఒక చక్రాల కుర్చీ, ఒక చేతికర్ర కూడా ఆ చివరనుంచి ఈ చివరికి రావాలని ఎం.బి.లో ఒక గడి పెట్టండి. వస్తే టిక్కు, రాకపోతే బిల్లు వెనక్కి.

మా వీధి పని ముగిశాక ఒక బోర్డు పెట్టారు. పని పేరు, అంచనా మొత్తం, కాంట్రాక్టరు ఎన్నాళ్లు బాధ్యుడో అన్నీ ఉండాల్సిన బోర్డది. సరిగ్గా కొత్త ఫుట్‌పాత్ నడిమధ్యన, ఆరు బిళ్లలు పెకలించి, సిమెంటు పోసి నిలబెట్టారు. ‘బాధ్యత గడువు’ అన్న చోట మార్కర్‌తో ఏదో రాశారు, ఎండకి వెలిసిపోయింది. పొద్దున ఆ స్తంభానికి టిఫిన్ బండి గొడుగు తాడు కడతారు. దాని చుట్టూ తిరిగి పోవాలంటే రోడ్డు మీదికి దిగాల్సిందే.