డైనింగ్ వీక్‌లో ముందుగా చూడాల్సింది రోజువారీ మెనూ

నగరంలోని చాలా రెస్టారెంట్లు కలిసి కొన్నాళ్లపాటు మూడు వంటకాల భోజనాన్ని ఒకే తగ్గింపు ధరకు పెట్టడాన్నే డైనింగ్ వీక్ లేదా రెస్టారెంట్ వీక్ అంటారు. అది ఏ నగరంలో మొదలైనా ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనపడేది ధర. స్టార్టర్, మెయిన్ కోర్సు, డెజర్ట్ మూడూ కలిపి ఇంతే అని. ఆ అంకె చూసి టేబుల్ బుక్ చేసేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. ఆ వారం పాల్గొనే రెస్టారెంట్లన్నీ ఒకటో రెండో మూడో ధరల్లో సర్దుకుంటాయి కాబట్టి, ఎక్కడ ఎంత లాభమో తేల్చేది ఆ అంకె కాదు, మామూలు రోజుల్లో అక్కడ పడే బిల్లు. మామూలుగానే అంతకు కాస్త ఎక్కువ తీసుకునే చోట మనకు మిగిలేది నామమాత్రం. దాదాపు రెట్టింపు తీసుకునే చోట మాత్రం అదే వంటగది, అదే టేబుల్ సగం ధరకు దొరుకుతాయి. ఆఫర్ పేజీ కన్నా ముందు రోజువారీ మెనూ తెరవాలనడం అందుకే.

ఈ పద్ధతి పుట్టింది 1992లో, న్యూయార్క్‌లో. ఆ ఏడాది డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభకు వచ్చే ప్రతినిధులకు, విలేకరులకు నగరంలోని మంచి రెస్టారెంట్ల రుచి చూపించాలని రెస్టారెంట్ గైడ్ ప్రచురణకర్త టిమ్ జాగట్, రెస్టారెంట్ల నిర్వాహకుడు జో బామ్ పూనుకుని మధ్యాహ్న భోజనం 19.92 డాలర్లకే పెట్టించారు. ఆ సంవత్సరాన్నే ధరగా మార్చారన్నమాట. అంటే మొదటినుంచీ ఇది పరిచయ భోజనం. ఈ రోజు తక్కువకు తిన్న మనిషి రేపు పూర్తి ధరకు వస్తాడన్న ఆశే దానికి పెట్టుబడి.

ఆ ఆశ అందరిలోనూ ఒకేలా ఉండదు. ఖాళీ టేబుల్‌కైనా అద్దె, జీతాలు తప్పవు కనుక, జనం పలచబడే రోజుల్లో కుర్చీలు నిండితే చాలనుకునే యజమానులూ ఉంటారు. ఎవరు ఏ రకమో వాళ్ల మెనూయే చెప్పేస్తుంది. రోజువారీ మెనూను, వారం మెనూను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెస్టారెంట్‌కు పేరు తెచ్చిన వంటకం ఒక్కటైనా వారం మెనూలో ఉంటే అక్కడికి వెళ్లొచ్చు. ఉన్నవన్నీ ఈ వారం కోసమే కొత్తగా చేర్చిన చవక వంటకాలైతే, మీరు తినేది ఆ రెస్టారెంట్ వంట కాదు, దాని బోర్డు కింద జరిగే వేరే వంట. నిర్వాహకులు ప్రతి వంటకం పక్కన మామూలు ధర కూడా అచ్చువేయాలని నియమం పెడితే ఈ వెతుకులాట సగం తగ్గుతుంది. పెట్టి తీరాలన్నదే మా వాదన.

లెక్క ఎలా వేయాలో చూద్దాం. వారం ధర 100 అనుకోండి. అవే వంటకాలు మామూలు మెనూలో స్టార్టర్ 35, మెయిన్ 70, డెజర్ట్ 30. మొత్తం 135. అంటే 35 మిగిలినట్టు, దాదాపు 26 శాతం. కానీ మీరు మామూలుగా డెజర్ట్ తినని మనిషైతే మీ అసలు బిల్లు 105 మాత్రమే. మిగిలింది 5. ఆ ఉత్సాహంలో 30 పెట్టి ఒక డ్రింకు తెప్పించుకుంటే, ఇంటినుంచి బయల్దేరేటప్పుడు అనుకోని ఖర్చు 25 మీద పడినట్టే. పానీయాలు, పన్ను, సర్వీస్ చార్జీ సాధారణంగా ఆ 100లో కలిసి ఉండవు. కొన్ని వంటకాల పక్కన చిన్న అక్షరాల్లో అదనపు ధర కూడా ఉంటుంది. తరచూ మెనూలో అందరినీ లాగే వంటకానికే అది తగిలించి ఉంటుంది. అసలు కన్నా కొసరు పెరిగేది సరిగ్గా ఇక్కడే.

ఇక ఏం తినాలి? ఆ వారం వంటగదికి మామూలుకు మించిన ఆర్డర్లు ఒకేసారి వచ్చి పడతాయి. అప్పటికప్పుడు, క్షణం లెక్కన దించాల్సిన వంటకాలు ముందుగా దెబ్బతింటాయి. పెనం మీద తోలు కరకరలాడేలా వేయించిన చేపనే తీసుకోండి. అదే టేబుల్‌కు వెళ్లాల్సిన మరో ప్లేటు సిద్ధమయ్యేదాకా దాన్ని వేడి దీపం కింద ఉంచుతారు. ఆ నాలుగైదు నిమిషాల్లో ముక్కలోంచి వచ్చే ఆవిరి తోలుకు పట్టి మెత్తబడుతుంది. లోపలి ముక్క అవసరానికి మించి ఉడికిపోతుంది. వంటవాడి నేర్పులో లోపం లేదు, రద్దీ అలాంటిది. గంటల తరబడి సన్నని మంట మీద ఉడికే మాంసానికి ఈ బాధ లేదు. పొద్దుటే వండి పెట్టినా, గ్రేవీలోనే మళ్లీ వేడిచేసినా రుచి తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. సూప్, చల్లగా గడ్డకట్టించే డెజర్ట్ కూడా అంతే. ఇద్దరు వెళ్తే ఒకే వంటకం ఇద్దరూ చెప్పకండి. చెరో మూడూ వేరువేరుగా తెప్పించుకుని పంచుకుంటే వారం మెనూలో చాలా భాగం ఒక్క పూటలోనే రుచి చూడొచ్చు.

మధ్యాహ్న భోజనం చాలాచోట్ల రాత్రి భోజనం కన్నా తక్కువకే వస్తుంది, రద్దీ కూడా తక్కువ. అయితే రెంటికీ మెనూ ఒకటేనా, లంచ్‌లో పరిమాణం తగ్గిస్తున్నారా అన్నది ముందే అడగాలి. మంగళ, బుధవారాలు మేలు. శుక్రవారం రాత్రి వంటగది ఊపిరి సలపనంత రద్దీగా ఉంటుంది, శనివారం చాలాచోట్ల ఆఫరే ఉండదు. మొదటి రోజూ వద్దు. కొత్త మెనూ వంటవాళ్ల చేతికి అలవాటు కావడానికి ఒకటి రెండు పూటలు పడుతుంది.

బుకింగ్ తెరిచిన రోజే టేబుల్ పట్టుకోండి, కానీ నాలుగు చోట్ల పట్టి మూడు వదిలేయడం తప్పు. ఆ టేబుళ్లు ఖాళీగా మిగిలితే నష్టం ఇప్పటికే రాయితీ ఇచ్చిన యజమానిది. కార్డు వివరాలు తీసుకున్న చోట రద్దు గడువు దాటితే మీకూ కోత పడుతుంది. శాకాహారమా, ఏదైనా పడదా అన్నది బుకింగ్‌లోనే రాయాలి. వారం మెనూలో ఎంపికలు మూడు నాలుగే ఉంటాయి, కూర్చున్నాక మార్చమంటే రద్దీలో కుదరదు. టేబుల్‌కు గంటన్నర గడువు పెడుతున్నారేమో కూడా అప్పుడే తెలుసుకోండి.

వెళ్లి కూర్చున్నాక మామూలు మెనూ ఒక్కటే చేతికిస్తే వారం మెనూ అడిగి తీసుకోండి. ఆర్డర్ చెప్పేటప్పుడు ‘వారం మెనూలోంచి’ అని ఒక మాట స్పష్టంగా అనాలి, లేకపోతే మూడు వంటకాలూ విడివిడి ధరల్లో బిల్లుకెక్కే ప్రమాదముంది. కార్డు ఇచ్చేముందు బిల్లులో మూడే చూడండి: భోజనం ఒకే ధరగా పడిందా, అడగని నీళ్ల బాటిల్ ఏమైనా చేరిందా, సర్వీస్ చార్జీ ముందే కలిపారా. కలపకపోతే, టిప్పు ఇచ్చే అలవాటున్న చోట దాన్ని పై లెక్కలోని వారం ధర 100 మీద కాకుండా మామూలు ధర 135 మీద లెక్కకట్టండి. వడ్డించిన మనిషి మోసిన ప్లేట్లు ఏమీ తగ్గలేదు.